రెండు మంచాల మధ్య వెల్వెట్ తెర

ఆమెను వీధిలో అందరూ టేపక్క అంటారు. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతూ ఉంటుంది. స్నానానికి వెళ్ళేటప్పుడు తలుపు వెనక మేకుకి తగిలించి, బయటికి రాగానే మళ్ళీ మెడలో వేసుకుంటుంది. ఆమెకీ ఆమె భర్తకీ ఒక కర్టెన్ల కొట్టు ఉంది. కొట్టంటే ఒక పొడుగాటి గది. ముందు సగంలో గుడ్డ తానులు, వెనక సగంలో దళసరి గుడ్డ కుట్టే పెద్ద మిషను. కొలవడం, కత్తిరించడం, కుట్టడం ఆమె పని. గోడకి కన్నాలు వేయడం, రాడ్లు బిగించడం, ఇంటివాళ్ళతో కబుర్లు చెప్పడం అతని పని. మూడోదాంట్లో అతనికి పోటీ లేదు.

తెర కుట్టడంలో కష్టం కుట్టులో లేదు, కొలతలో ఉంది. కట్టిన మేస్త్రీ ఎంత మంచివాడైనా, గోడ పైన ఒక కొలత చెబుతుంది, కింద ఇంకో కొలత చెబుతుంది. అందుకని టేపక్క పైనా, మధ్యా, కిందా కొలిచాకే గుడ్డ ముట్టుకుంటుంది. ఏ పని గురించి మాట్లాడినా ఆమె అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?"

ఆడపడుచు మొగుడు బీమా పాలసీ అమ్మడానికి ఇంటికొచ్చినప్పుడు కూడా అదే అడిగింది.

"అన్నీ వస్తాయమ్మా. జ్వరం, ఆపరేషను, ఆఖరికి కాన్పు కూడా," అన్నాడాయన.

"అన్నీ అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నయ్యా?"

"మొదటి నుంచి చివరి దాకా."

అది కొలత కాదని ఆమెకి తెలుసు. కానీ ఇంటి అల్లుడు, భోజనానికి కూర్చుని ఉన్నాడు, పక్కన అత్తగారు కళ్ళతోనే గదమాయిస్తున్నారు. సంతకం పెట్టింది. పాలసీ తీసుకున్న వెంటనే కాన్పు ఖర్చు ఇవ్వరనీ, కొంతకాలం గడవాలనీ ఆయన చెప్పినప్పుడు మాత్రం ఆమెకి నచ్చింది. కొత్త గుడ్డని నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, అది ఎంత కుదించుకుపోతుందో చూశాకే కత్తెర వేస్తారు. ఇదీ అలాంటిదే అనుకుంది. ఆ గడువు దాటాకే కడుపు పండింది.

కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆమె తన పొట్టని తనే కొలుచుకుని, మిషను వెనక గోడ మీద సుద్దముక్కతో రాసుకునేది. లోపల కవలలున్నారని ఆ లెక్కల్ని బట్టి తేల్చింది. డాక్టరు స్కాను చూసి ఒక్కరే అంటే, "నా టేపు తప్పు చెప్పదు డాక్టరుగారూ," అంది. "టేపు తప్పు చెప్పలేదమ్మా. మీరు చీర మడతల మీంచి కొలిచారు," అంది డాక్టరు. టేపక్క ఆ మాటని మనసులోనే రెండు రోజులు కొలుచుకుని, చివరికి ఒప్పుకుంది.

కాన్పుకని వాళ్ళు దాచింది కొంచెమే. మిగతాది బీమా చూసుకోవాలి. చూసుకోకపోతే వాళ్ళకి అమ్మదగ్గ వస్తువు ఒక్కటే, ఆ పెద్ద మిషను. అది పోతే తెరలు లేవు, తెరలు లేకపోతే కొట్టు లేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు.

నొప్పులు ఉదయం కొట్లో మొదలయ్యాయి. చేతిలో ఉన్న గుడ్డ చివరిదాకా కత్తిరించి, కత్తెరని దాని చోట పెట్టి, "పదండి," అంది.

ఆసుపత్రిలో ఇద్దరేసి ఉండే గదులన్నీ నిండిపోయాయి. "ఒక్కరే ఉండే గది ఇస్తాం సార్. అద్దె తేడా మేం అడగం," అంది రిసెప్షను అమ్మాయి. టేపక్క భర్త ఊరికే వచ్చిందంటే విరిగిన గొడుగైనా ఇంటికి తెచ్చే మనిషి. వెంటనే తలూపాడు. అత్తగారు గదిలోకి వెళ్ళి సోఫా నొక్కి చూశారు. ఫ్రిజ్ తలుపు తెరిచి, లోపల దీపం వెలిగేసరికి మూసి, మళ్ళీ తెరిచి చూశారు.

"బిడ్డ కాలు పెట్టకముందే కలిసొచ్చిందిరా," అన్నారు.

అప్పుడు వచ్చింది ఆసుపత్రి తరఫున బీమా పనులు చూసే అమ్మాయి, చేతిలో ఫైలుతో. గది చుట్టూ చూసి, "ఈ గది ఎవరు తీసుకోమన్నారు?" అని అడిగింది.

"ఊరికే ఇచ్చారమ్మా," అన్నాడు భర్త గర్వంగా.

"మీ పాలసీకి ఇద్దరుండే షేరింగ్ గది వరకే అర్హత ఉంది సార్. ఇందులో ఉంటే బిల్లులో కోత పడుతుంది."

"అద్దె తేడా అడగమన్నారుగా?"

"అద్దె అడగరు. మిగతావన్నీ అడుగుతారు." ఆ అమ్మాయి టేపక్క మెడలోని టేపు చూసి ఆమె వైపు తిరిగింది. "మీరు కర్టెన్లు కుడతారా అక్కా? పెద్ద మేడలో పనికి ఒక రేటు, చిన్నింట్లో పనికి ఒక రేటు ఉంటుందా?"

"నాకు లేదు. మా ఆయనకి ఉంటుంది."

"ఇక్కడా అంతే. గది మారితే అద్దె ఒక్కటే మారదు. డాక్టరు ఫీజు, థియేటరు, నర్సింగు, అన్నిటి రేట్లూ ఆ గదిని బట్టే మారతాయి. బీమావాళ్ళేమో మీ అర్హత కన్నా ఈ గది ఎంత ఎక్కువో చూసి, అదే నిష్పత్తిలో మొత్తం బిల్లంతా కోసేస్తారు. సుమారుగా సగం మీ మీద పడుతుంది."

అత్తగారు ఫ్రిజ్ తలుపు మెల్లగా మూసేశారు.

టేపక్కకి నొప్పి వచ్చింది. మంచం కమ్మీ పట్టుకుని, అది పోయేదాకా ఆగి, అప్పుడు అంది: "మీరు చెప్పింది కొలతమ్మా. మా అన్నయ్య చెప్పింది కబురు."

భర్త ఊరుకోలేదు. ఆమె మెడలోంచి టేపు లాక్కుని గది కొలిచాడు. ఎదురుగా ఉన్న షేరింగ్ గదిలోకి వెళ్ళి, అక్కడి పేషెంట్లు నోరెళ్ళబెట్టి చూస్తుండగానే దాన్నీ కొలిచాడు. చెమటతో తిరిగొచ్చి, "చూడమ్మా, ఈ గది ఆ గది కన్నా చిన్నది! పెద్ద గదికి కోత లేదు, చిన్న గదికి కోతా? ఇదెక్కడి న్యాయం?" అన్నాడు.

"కొలత కాదు సార్, గది రకం ముఖ్యం."

"రకం ఎవరు చెబుతారు?"

"సూపర్‌వైజరు."

సూపర్‌వైజరు నడుముకి తాళాల గుత్తితో వచ్చాడు. నిబంధనలు ఆయనకి కంఠస్థం. "గది రకం మనుషుల్ని బట్టి కాదండీ, మంచాల్ని బట్టి. రెండు మంచాలు, రెండు అల్మరాలు, మధ్యలో గోడ నుంచి గోడ దాకా తెర. ఇవి ఉంటే షేరింగ్. లేకపోతే సింగిల్."

"రెండో మంచం మీద ఎవరూ లేకపోయినా?"

"ఎవరూ లేకపోతే అది ఖాళీ మంచం. మంచమే లేకపోతే అది సింగిల్ గది. రెండిటికీ చాలా తేడా ఉంది."

"మంచాలున్నాయా?"

"స్టోర్లో బోలెడు. అల్మరాలూ ఉన్నాయి. తెరలే లేవు." ఆయన ముఖం చిన్నబోయింది. "కావాలని రాసి పెట్టాను. అవి వచ్చేసరికి మీ బిడ్డ బడికెళ్తుంది."

మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్తగారు నుదురు కొట్టుకున్నారు. "ఒరేయ్, వద్దురా. కాన్పుకొచ్చిన చోట కూడా దుకాణం పెడతారా?"

"డ్రిల్లు ఎక్కడుందండీ?" అంది టేపక్క.

"బండిలోనే ఉంది."

బీమా అమ్మాయి ఒక్కటే షరతు చెప్పింది. కాన్పు ఏ రకం గదిలో ఉండగా జరిగితే బిల్లంతా ఆ రకం కిందే పడుతుంది. కాబట్టి బిడ్డ పుట్టేలోపు తెర కట్టాలి, సూపర్‌వైజరు ఒప్పుకోవాలి, ఫోటో తీసి బీమావాళ్ళకి పంపాలి. డాక్టరు వచ్చి పరీక్ష చేసి, ఇంకా టైముంది, కాసేపు నడవమని చెప్పి వెళ్ళింది.

టేపక్క నడిచింది. ఈ గోడ నుంచి ఆ గోడకి, టేపు పట్టుకుని.

"అమ్మా, ఏం చేస్తున్నారు?" అంది నర్సు.

"డాక్టరుగారు నడవమన్నారు కదా సిస్టర్. నడుస్తున్నా. చేతిలో టేపుందంతే."

భర్త కొట్టుకి వెళ్ళి, అక్కణ్ణించి ఫోను చేశాడు. "ఏమే, ఆస్పత్రికి పనికొచ్చే పచ్చ గుడ్డ కిటికీకి సరిపోయేంతే ఉంది. అతుకులేద్దామంటే నువ్వేమో అక్కడున్నావు."

"అయితే ఎరుపుది తెండి."

"వెల్వెటా? ఆ జరీ కుచ్చులతోనా?"

"కుచ్చులు ఊడబీకుతూ కూర్చోడానికి టైముందా? తెండి."

ఆ ఎర్ర వెల్వెట్ తెర ఒక నాటక సంఘం కుట్టించుకున్నది. అడ్వాన్సు ఇచ్చి వెళ్ళాక, నాయకుడి వేషం ఎవరు కట్టాలన్న గొడవలో సంఘం రెండు ముక్కలైంది. తెర మాత్రం ఒక్క ముక్కగా కొట్లోనే ఉండిపోయింది. కప్పీలు, తాడు అన్నీ అమర్చి ఉన్నాయి. తాడు లాగితే సరిగ్గా మధ్యకి చీలి, రెండు పక్కలకీ తొలగుతుంది. టేపక్క కుట్టిన వాటిలో అంత బరువైన తెర ఇంకోటి లేదు.

అది వచ్చేసరికి గదిలో రెండో మంచం, రెండో అల్మరా చేరాయి. భర్త నిచ్చెన ఎక్కి డ్రిల్లు పెట్టగానే అంతస్తంతా అదిరింది. పక్క గదుల పేషెంట్లు సెలైన్ స్టాండ్లు తోసుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. సూపర్‌వైజరు నిచ్చెన పట్టుకున్నాడు. అత్తగారు రాలే సున్నం కోడలి మీద పడకుండా గొడుగు పట్టారు.

"ఎడమ పక్క వేలెడు దిగింది," అంది టేపక్క, గొడుగు కిందనుంచి.

"నువ్వు కళ్ళు మూసుకుని నొప్పులు పడవే. నేను చూసుకుంటాలే."

"మీరు చూసుకుంటారనే కళ్ళు తెరిచా."

తెర వేలాడింది. గది మధ్యలో నిప్పులాంటి ఎరుపు, కింద జరీ కుచ్చులు. గుమ్మంలో ఉన్నవాళ్ళు స్టాండ్లతో సహా ఇంకో అడుగు లోపలికొచ్చారు. సూపర్‌వైజరు రంగుని పట్టించుకోలేదు, నిబంధనల్లో రంగు లేదు. ఆయన వంగి నేల దగ్గర చూశాడు.

"ఇక్కడ గోడకి తగలట్లేదమ్మా. బెత్తెడు సందుంది. గోడ నుంచి గోడ దాకా ఉండాలి."

టేపక్క చూసింది. నిజమే. గోడ కింద లోపలికి పోయింది. నొప్పి ధాటికి వంగలేక పైన ఒక్కచోటే కొలిచింది. ఇన్నేళ్ళ పనిలో చేయని పొరపాటు. "నాదే తప్పు," అంది. ఇంకా ఏదో అనబోతుండగా నొప్పి విరుచుకుపడింది. నర్సు ఒక్క చూపు చూసి స్ట్రెచరు తెప్పించింది.

"ఇక లేబర్ రూముకే. పదండి, పదండి!"

"ఒక్క నిమిషం సిస్టర్..."

"ఆ మాట నాక్కాదు, లోపలున్న బిడ్డకి చెప్పండి."

స్ట్రెచరు వరండాలో కదిలిపోతోంది. నిచ్చెన మీద భర్త, ఎటు దూకాలో తెలియక, చేతిలో స్క్రూడ్రైవరుతో నిలబడిపోయాడు. బీమా అమ్మాయి ఫోను పట్టుకుని ఫోటోకి సిద్ధంగా ఉంది. దూరం నుంచి టేపక్క గొంతు వినిపించింది:

"మధ్యలో రెండు రెక్కలూ ఒకదాని మీద ఒకటి ఎక్కిన గుడ్డ ఉంది కదండీ! అక్కడ చెరో రింగూ వదలండి! సందు పూడుతుంది!"

వదిలాడు. పూడింది. సూపర్‌వైజరు రెండు గోడల దగ్గరా వేలు పెట్టి చూసి తలూపాడు. ఫోటో వెళ్ళింది. భర్త నిచ్చెన దిగి, తల నిండా సున్నంతో లేబర్ రూము దగ్గరికి పరిగెత్తితే, తలుపు దగ్గర ఆయా ఆపింది.

"మేస్త్రీలు ఇటు రాకూడదు."

"మేస్త్రీని కాదమ్మా, తండ్రిని."

"ఇప్పుడే అయ్యారు. ఆడపిల్ల," అంది ఆయా.

ఆ సాయంత్రం ఆసుపత్రికి ఇంకో గర్భిణి వచ్చింది. బేకరీ నడిపే మనిషి చెల్లెలు. షేరింగ్ మంచం ఎక్కడైనా ఖాళీ ఉందా అని చూస్తే, ఒకటే ఉంది. అలా తెరకి అవతల బేకరీ మనిషి, అతని తల్లి, చెల్లెలు చేరారు. సోఫా అటు పడింది. ఫ్రిజ్ కూడా అటే పడింది. అత్తగారు స్టూలు మీద కూర్చుని, తెర సందులోంచి గిన్నె అందిస్తూ, "అమ్మా, కాస్త ఈ పాలు లోపల పెడతారా," అని అడగాల్సొచ్చింది.

"నీ తెర మంచిదేనే," అన్నారు కోడలితో. "కానీ ఇంకాస్త అటు జరిపి కట్టుంటే ఫ్రిజ్ మనకొచ్చేది."

"అటు జరిపితే మంచం పట్టదత్తయ్యా."

ఇబ్బంది డాక్టరుకొచ్చింది. వెల్వెట్ బరువు వల్ల తెరని పక్కనుంచి తప్పించి రావడం కుదరదు. తాడు లాగాల్సిందే. లాగితే మధ్యకి చీలి, రెండు పక్కలకీ ఠీవిగా తొలగేది. మధ్యలో డాక్టరు కనిపించేది. మొదటిసారి బేకరీ మనిషి తల్లి తనకి తెలియకుండానే చప్పట్లు కొట్టింది. మర్నాటి నుంచి డాక్టరు తెర తొలగేముందు కోటు సర్దుకోవడం నర్సులందరూ చూశారు.

ఇంటికి పంపే ముందురోజు బీమావాళ్ళ దగ్గర్నుంచి ప్రశ్న వచ్చింది. బీమా అమ్మాయి దాన్ని చదివి వినిపించింది: "మీరు పంపిన ఫోటోలోనిది ఆసుపత్రి గదిగా తోచడం లేదు. రంగస్థలంగా తోస్తున్నది. వివరణ ఇవ్వగలరు."

భర్త మొహం పాలిపోయింది. "ఇప్పుడేమవుతుంది?"

"వాళ్ళు ఒప్పుకోకపోతే బిల్లంతా మీరే కట్టి, తర్వాత వాళ్ళతో తేల్చుకోవాలి సార్. గది చూపించమని వీడియో కాల్ పెట్టించాను. నేను మాట్లాడతాను, మీరు మాత్రం మాట్లాడకండి."

"నేనెందుకు మాట్లాడతా?"

"అందుకే ముందే చెబుతున్నా."

ఫోనులో టై కట్టుకున్న అధికారి కనిపించాడు. అతనికి మాత్రం ఎర్రటి తెర ఒక్కటే కనిపించింది. కుచ్చులతో, మూసి ఉంది.

"అక్కడ ఏం కార్యక్రమం జరుగుతోందండీ?"

"కార్యక్రమం కాదు సార్, గది. అది మధ్యనుండే తెర," అంది బీమా అమ్మాయి.

"తెర వెనక ఏముంది?"

అత్తగారు తాడు లాగారు. వెల్వెట్ నిదానంగా రెండుగా విడిపోయింది. అవతల బేకరీ మనిషి బన్ను తింటూ దొరికిపోయాడు. గభాల్న లేచి, నోట్లో ఉన్నది మింగి, ఫోనుకి నమస్కారం పెట్టాడు. అతని తల్లి సోఫా మీద తల దువ్వుకుంటోంది.

"వీళ్ళు నాటక సంఘం సభ్యులా?" అన్నాడు అధికారి.

"ఏ సంఘం సార్? పేషెంటు తాలూకు," అన్నాడు బేకరీ మనిషి.

"పేషెంటు ఎవరు?"

మంచం మీదున్న చెల్లెలు చెయ్యెత్తింది. సెలైన్ గొట్టం కూడా లేచింది.

అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఏమీ అనుకోకండమ్మా. మీరు నిజంగానే గర్భిణీనా, లేక..."

ఆ మాట పూర్తవకముందే బేకరీ మనిషి తల్లి దువ్వెనతో సహా ఫోను ముందుకొచ్చింది. "లేక? లేక ఏంటి బాబూ? నా కూతురు నొప్పులు రాక అల్లాడుతుంటే వేషమంటావా? నిన్నూ ఒక తల్లే కన్నదా, లేక నువ్వూ ఫోటోలోంచే వచ్చావా?"

అంతవరకూ రాని నొప్పి ఆ అరుపుకో, ఆ కోపానికో అప్పుడే వచ్చింది. కూతురు కెవ్వున అరిచింది. ఇవతల టేపక్క బిడ్డ ఉలిక్కిపడి ఏడుపందుకుంది. భర్త, మాట్లాడనని ఇచ్చిన మాట మర్చిపోయి, "చూశారా సార్, ఇద్దరు! రెండు మంచాలు, ఇద్దరు మనుషులు! పక్కా షేరింగ్!" అని కేకేశాడు. నర్సులు పరిగెత్తుకొచ్చారు. స్ట్రెచరొచ్చింది. ఆ హడావిడిలో ఎవరి మోచెయ్యో తాడుకి తగిలి తెర కొంచెం మూసుకుని, మళ్ళీ తెరుచుకుంది.

"చాలు, చాలు," అన్నాడు అధికారి కంగారుగా. "ఆసుపత్రే. నమ్మాను. దయచేసి ఆవిణ్ణి ముందు తీసుకెళ్ళండి."

మర్నాడు ఉదయం అనుమతి వచ్చింది. గది పేరు మీద కోత లేదు. చేతి తొడుగులు, దూది, అలాంటివాటికి బీమాలో ఎవరికీ డబ్బు ఇవ్వరని బీమా అమ్మాయి చెప్పి, ఆ కొద్దిపాటి మొత్తం విడిగా చూపించింది. టేపక్క వాటిని ఒక్కొక్కటీ వేలు పెట్టి అడిగి తెలుసుకుని, సంచీలోంచి తీసి కట్టింది. తర్వాత బిడ్డని పాలసీలో చేర్పించడం ఎలాగో అడిగింది.

"మీ అన్నయ్యగారు చెప్పలేదా అక్కా?"

"ఆయన చెప్పేది చివరి దాకా. నువ్వు మొదటి నుంచి చెప్పు."

ఇంటికి బయల్దేరే వేళ భర్త నిచ్చెన వేసి, తెర విప్పడానికి ఎక్కబోయాడు. అప్పుడు బేకరీ మనిషి అడ్డొచ్చాడు. అతని చెల్లెలికి కాన్పైంది. ఇంకా రెండు రోజులు ఉండాలి.

"అన్నా, ఇది ఊడదీస్తే మాది సింగిల్ గది అయిపోతుందన్నా. మాదీ షేరింగ్ పాలసీనే."

గుమ్మంలో సూపర్‌వైజరు కూడా నిలబడి ఉన్నాడు. ఆయన తాళాల గుత్తి రెండు చేతులతో పట్టుకుని టేపక్క వైపే చూస్తున్నాడు.

"నాటకం వాళ్ళొచ్చి అడిగితేనో?" అన్నాడు భర్త.

"ముందు వాళ్ళు ఒక్కటవ్వనివ్వండి," అంది టేపక్క. "ఉండనివ్వండి. దిగండి."

బేకరీ మనిషి సంతోషం పట్టలేక తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కప్పీ కీచుమంది. గుమ్మం దాటబోతున్న టేపక్క ఆగింది. బిడ్డని అత్తగారి చేతికిచ్చి వెనక్కొచ్చింది.

"అలా గుంజితే రింగులు ఊడొస్తాయి. బావిలో నీళ్ళు తోడినట్టు, రెండు చేతులూ మార్చుకుంటూ జరపాలి. ఏదీ, చెయ్యండి. ఊఁహూఁ. మళ్ళీ చెయ్యండి."

కింద ఆటో వాడు హారను కొడుతున్నాడు. "ఏమే, మీటరు తిరుగుతోందే!" అన్నాడు భర్త కిటికీ దగ్గర్నుంచి. ఆమె వినిపించుకోలేదు. బేకరీ మనిషి మళ్ళీ జరిపాడు, మళ్ళీ జరిపాడు. తెర చప్పుడు లేకుండా, కుచ్చులు నేలకి తగలకుండా కదిలాక, అప్పుడు బిడ్డని తీసుకుని మెట్లు దిగింది.